పాత ఛాయాచిత్రంలో గూడ్సు వ్యాగన్‌ను గుర్తించడం: జాక్ డెలానో చిత్రాలపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత ఛాయాచిత్రంలోని అమెరికన్ గూడ్సు వ్యాగన్‌ను ఏ ఆనవాళ్ల ద్వారా గుర్తించవచ్చో చెప్పగలుగుతారు.
• ఒక ఛాయాచిత్రం కాలానికి తొలి హద్దును, చివరి హద్దును నిర్ణయించగలుగుతారు.
• చిత్రం కింది వివరణను చిత్రంలోని సాక్ష్యంతో సరిచూడగలుగుతారు.
• జాక్ డెలానో రైల్వే చిత్రాల గుణదోషాలను సకారణంగా విమర్శించగలుగుతారు.

1. ప్రస్తావన

చరిత్ర రచనకు ఛాయాచిత్రం ఆధారమవుతుందని గత పాఠాలలో తెలుసుకున్నారు. శాసనాన్ని చదవడానికి లిపి తెలియాలి. నాణేన్ని చదవడానికి ముద్రలు తెలియాలి. ఛాయాచిత్రం విషయంలో మాత్రం చాలామంది ఇటువంటి శిక్షణ అవసరం లేదనుకుంటారు. కళ్లు ఉంటే చాలుననీ, కింద రాసిన వివరణ చదివితే పని పూర్తయినట్లేననీ భావిస్తారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడమే ఈ పాఠం ఉద్దేశం.

పరీక్షకు మనం ఎంచుకున్న వస్తువు గూడ్సు వ్యాగన్. మనిషిని ఫొటో తీస్తే అతడు సర్దుకుని నిలబడతాడు, చొక్కా మార్చుకుంటాడు. గూడ్సు వ్యాగన్ అలా చేయదు. దాని యజమాని ఎవరు, బరువెంత, చివరిసారి ఎప్పుడు తూచారు అనే వివరాలన్నీ దాని ఒంటి మీదే రాసి ఉంటాయి. ఫొటోగ్రాఫర్ పట్టించుకోకపోయినా ఆ రాతలు చిత్రంలోకి వచ్చేస్తాయి. అందువల్ల వ్యాగన్ నమ్మదగిన సాక్షి. అయితే సాక్షి చెప్పేది అర్థం కావాలంటే దాని భాష మనకు రావాలి.

2. డెలానో, ఆయన పనిచేసిన సందర్భం

జాక్ డెలానో 1914లో ఉక్రెయిన్‌లో జన్మించాడు. 1923లో కుటుంబంతో అమెరికా చేరాడు. చిత్రకళ, సంగీతం రెండూ నేర్చుకున్నాడు. 1940లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థలో, రాయ్ స్ట్రైకర్ నడిపిన ఛాయాచిత్ర విభాగంలో చేరాడు. గ్రామీణ పేదరికాన్ని చిత్రాలలో నమోదు చేసిన విభాగం అది. 1942లో అది యుద్ధ సమాచార కార్యాలయం కిందికి మారింది. అప్పటినుంచి దేశం యుద్ధానికి ఎలా శ్రమిస్తున్నదో చూపడం దాని ప్రధాన బాధ్యత అయింది.

ఈ దశలోనే, అంటే 1942 చివర, 1943 తొలి నెలలలో, డెలానో రైల్వేలను చిత్రించాడు. షికాగో పరిసరాలలోని యార్డులు, ముఖ్యంగా షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీకి చెందిన ప్రొవైసో యార్డు, ఆయన చిత్రాలలో తరచుగా కనిపిస్తాయి. 1943 మార్చిలో శాంటా ఫే మార్గంలో షికాగో నుంచి కాలిఫోర్నియా వరకు ప్రయాణిస్తూ చిత్రాలు తీశాడు. ఈ విభాగం సేకరణ నేడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అందులో సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగటివ్‌లు, సుమారు 1,600 రంగుల చిత్రాలు ఉన్నాయి. డెలానో కోడాక్రోమ్ ఫిల్ముపై తీసిన రైల్వే చిత్రాలు ఆ రంగుల చిత్రాలలో బాగా పేరుపొందినవి.

ఈ చిత్రాల వివరణలలో ఒక విశేషం ఉంది. స్థలం, నెల, కంపెనీ పేరుతోపాటు చాలాచోట్ల కార్మికుని పేరు, అతని పని కూడా రాశారు. వెనుక నిలిచిన వ్యాగన్ ఏమిటో మాత్రం సాధారణంగా రాయలేదు. ఆ లోటును తీర్చుకోవలసింది చదువరే.

3. వ్యాగన్ ఒంటి మీది రాతలు

3.1 యజమాని గుర్తు, సంఖ్య

ప్రతి వ్యాగన్ పక్కగోడపై కొన్ని అక్షరాలు, వాటి తరువాత ఒక సంఖ్య ఉంటాయి. అక్షరాలు యజమానిని తెలుపుతాయి. ఉదాహరణకు, సి.ఎన్.డబ్ల్యు. అంటే షికాగో అండ్ నార్త్ వెస్టర్న్, ఎ.టి.ఎస్.ఎఫ్. అంటే శాంటా ఫే. అక్షరాల చివర 'ఎక్స్' ఉంటే ఆ వ్యాగన్ యజమాని రైల్వే కంపెనీ కాదని అర్థం. యు.టి.ఎల్.ఎక్స్., జి.ఎ.టి.ఎక్స్. అనే గుర్తులు ట్యాంకు వ్యాగన్లపై కనిపిస్తాయి. అవి ప్రైవేటు కంపెనీలవి.

ఈ చిన్న విషయం వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1942లో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరంలో చమురు ఓడలను ముంచివేయడంతో, ఆ చమురును పట్టాల మీద తరలించవలసి వచ్చింది. కనుక ఆ కాలపు యార్డు చిత్రంలో ట్యాంకు వ్యాగన్ల పొడవాటి వరుస కనిపిస్తే దాన్ని అలంకారంగా భావించకూడదు. అది సముద్రం మీద జరిగిన నష్టానికి నేల మీద దొరికే సాక్ష్యం కావచ్చు.

3.2 బరువు, తూచిన తేదీ

సంఖ్యకు దిగువన మూడు వరుసలు ఉంటాయి. మొదటిది సామర్థ్యం, రెండవది మోయగల గరిష్ఠ భారం, మూడవది ఖాళీ బరువు. ఇవన్నీ పౌండ్లలో ఉంటాయి. ఖాళీ బరువు పక్కన నెల, సంవత్సరం, తూచిన స్థలాన్ని సూచించే పొడి అక్షరాలు ఉంటాయి. కొత్త వ్యాగనైతే స్థలానికి బదులు 'న్యూ' అని రాస్తారు. వ్యాగన్ వాడకంలో అరుగుతుంది, మరమ్మతుల వల్ల దాని బరువు మారుతుంది. అందువల్ల నిర్ణీత వ్యవధికొకసారి మళ్లీ తూచి, పాత తేదీని చెరిపి కొత్త తేదీని రాసేవారు.

కాలనిర్ణయానికి ఇంతకంటే సూటి ఆధారం మరొకటి లేదు. తూచిన తేదీ '1-43' అని స్పష్టంగా కనిపిస్తే, ఆ చిత్రం 1943 జనవరికి ముందుది కానేకాదు. అటువంటి చిత్రం కింద '1942 డిసెంబరు' అని రాసి ఉంటే, పొరపాటు వివరణలోనే ఉందని ధైర్యంగా చెప్పవచ్చు.

అంకెలు మసకగా ఉన్నప్పుడు ఒక కూడిక సహాయపడుతుంది. గరిష్ఠ భారం, ఖాళీ బరువు కలిపితే పట్టాలపై అనుమతించిన మొత్తం బరువు వస్తుంది. 50 టన్నుల తరగతి వ్యాగన్‌కు అది 1,69,000 పౌండ్లు. గరిష్ఠ భారం 1,23,400 అని చదవగలిగి, ఖాళీ బరువు మసకబారి ఉందనుకోండి. అది 45,600 ఉండాలి. మీకు కనిపించే మసక ఆకారం ఆ అంకెలకు సరిపోతున్నదో లేదో చూసుకోవచ్చు.

4. వ్యాగన్ నిర్మాణం చెప్పే సంగతులు

రాతలు చదవలేనప్పుడు నిర్మాణాన్ని చూడాలి. నాలుగువైపులా మూసి, పైకప్పు ఉన్న పెట్టె వ్యాగన్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

(అ) గోడ: బయట అంతా నున్నని చెక్కపలకలే కనిపిస్తూ, చట్రం లోపల దాగి ఉంటే అది రెండు పొరల చెక్క వ్యాగన్. ఉక్కు చట్రం బయటికి కనిపిస్తూ, ఏటవాలు కమ్మీల మధ్య చెక్క కనిపిస్తే అది ఒక పొర వ్యాగన్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వమే రైల్వేలను నడిపినప్పుడు, 1918లో, ఈ రెండు రకాలకూ ప్రామాణిక నమూనాలు రూపొందించారు. గోడ అంతా ఉక్కురేకై రివెట్ల వరుసలు కనిపిస్తే అది తరువాతి తరానిది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1924 నుంచి నిర్మించిన ఎక్స్ 29 రకం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధంలో ఉక్కు కొరత వల్ల కొన్ని కొత్త వ్యాగన్లకు తిరిగి చెక్క వాడారు. కాబట్టి 'చెక్క అంటే పాతది, ఉక్కు అంటే కొత్తది' అనే సూత్రాన్ని గుడ్డిగా నమ్మరాదు.

(ఆ) ఎత్తు: అమెరికన్ రైల్‌రోడ్ల సంఘం 1937లో ఆమోదించిన ప్రామాణిక పెట్టె వ్యాగన్ లోపలి ఎత్తు 10 అడుగులు. 1932 నమూనాలో అది 9 అడుగుల 4 అంగుళాలు. వరుసలో ఒక వ్యాగన్ పక్కదానికంటే కొంచెం ఎత్తుగా కనిపిస్తే ఈ తేడా గుర్తుకు రావాలి.

(ఇ) బ్రేకు: వ్యాగన్ అడుగున గాలిబ్రేకు సిలిండరు, గాలి తొట్టి, వాల్వు మూడూ ఒకే ముద్దగా కలిసి ఉంటే అది 'కె' రకం. మూడూ వేర్వేరు చోట్ల బిగించి ఉంటే 'ఎ.బి.' రకం. ఎ.బి. రకం 1933 నుంచి కొత్త వ్యాగన్లకు ప్రమాణమైంది. కె రకం ఉన్నవి ఇతర కంపెనీల మార్గాలలోకి వెళ్లడం 1950ల తొలి సంవత్సరాలలో ఆగిపోయింది.

(ఈ) ప్రకటనలు: మాంసం, వెన్న వంటి సరుకులను ఐసుతో చల్లబరుస్తూ తీసుకువెళ్లే శీతల వ్యాగన్లపై ఒకప్పుడు సరుకుదారుల పెద్దపెద్ద రంగుల ప్రకటనలు ఉండేవి. 1934లో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ వాటికి వ్యతిరేకంగా నిర్ణయించడంతో, ఆ దశాబ్దం ముగిసేసరికి అవి తొలగిపోయాయి. అటువంటి ప్రకటన కనిపించే చిత్రాన్ని యుద్ధకాలానిదని ఎవరైనా చెబితే సందేహించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. యజమాని గుర్తు చివర 'ఎక్స్' ఉంటే ఏమి తెలుస్తుంది?
2. కె, ఎ.బి. బ్రేకులను చిత్రంలో ఎలా వేరుపరుస్తారు?

5. కొలత, దిశ, రంగు

కొలత: వ్యాగన్‌ను నేరుగా పక్కనుంచి తీసిన చిత్రంలో చక్రమే మనకు కొలబద్ద. గూడ్సు చక్రం వ్యాసం సాధారణంగా 33 అంగుళాలు. 40 అడుగుల పెట్టె వ్యాగన్ బయటి పొడవు సుమారు 42 అడుగులు, అంటే దాదాపు 15 చక్రాల వ్యాసమంత. 50 అడుగుల వ్యాగన్ దాదాపు 19 చక్రాలంత ఉంటుంది. చిత్రం మీద స్కేలు పెట్టి చక్రాన్ని, వ్యాగన్‌ను కొలిచి భాగించండి. ఏటవాలుగా తీసిన చిత్రానికి ఈ లెక్క వర్తించదు.

దిశ: నెగటివ్‌ను తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అక్షరాలు కనిపిస్తే ఈ పొరపాటు వెంటనే తెలుస్తుంది. కనిపించకపోతే నిచ్చెనను చూడండి. 1911లో ఖరారైన భద్రతా నిబంధనల ప్రకారం, పెట్టె వ్యాగన్ పక్కగోడకు ఎదురుగా నిలబడితే నిచ్చెన కుడి చివర ఉండాలి. పక్కగోడకు ఒకే నిచ్చెన ఉండి, అది ఎడమవైపున కనిపిస్తే చిత్రం తిరగబడి ఉండవచ్చు.

రంగు: నలుపు తెలుపు చిత్రం నుంచి రంగు చెప్పడం ప్రమాదకరం. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును గ్రహించలేదు. కనుక ఎర్ర వ్యాగన్ కూడా నల్లగా కనిపిస్తుంది, నీలాకాశం తెల్లగా పాలిపోతుంది. తరువాత వచ్చిన పాన్‌క్రోమాటిక్ ఫిల్ము ఎరుపును గ్రహిస్తుంది. అయినా ఇటుకరంగు వ్యాగన్ మీద బొగ్గుమసి పేరుకుంటే దాన్ని నల్లదాని నుంచి వేరుచేయడం కష్టమే. డెలానో కోడాక్రోమ్ చిత్రాల విలువ ఇక్కడే తెలుస్తుంది. యార్డు అంతా ఒకే నలుపు కాదని, ఇటుక ఎరుపులోనే అనేక ఛాయలున్నాయని అవి చూపుతాయి. అయితే తెరమీద మనం చూసే రంగులో ఎండ, మసి, స్కానింగ్ మూడింటి ప్రభావమూ కలిసి ఉంటుంది. దాన్ని రంగు డబ్బాలోని అసలు రంగుగా తీసుకోకూడదు.

6. హద్దుల పద్ధతి

పై ఆనవాళ్లను ఒక పద్ధతిలో కూర్చుకోవాలి. ప్రతి ఆనవాలూ రెండు హద్దులలో ఒకదాన్ని మాత్రమే ఇస్తుంది. 'ఇంతకు ముందు కాదు' అనేది తొలి హద్దు. 'ఇంతకు తరువాత కాదు' అనేది చివరి హద్దు.

ఒక ఊహాత్మక చిత్రం తీసుకుందాం. అందులో మూడు వ్యాగన్లున్నాయి. మొదటిది 1918 నమూనా చెక్క వ్యాగన్, దానికి కె బ్రేకు ఉంది. రెండవది 10 అడుగుల ఎత్తున్న ఉక్కు వ్యాగన్. మూడవదాని మీద తూచిన తేదీ '4-41' అని ఉంది. చాలామంది విద్యార్థులు మొదటి వ్యాగన్‌ను చూసి చిత్రం 1920ల నాటిదని రాస్తారు. అది తప్పు. వ్యాగన్లు దశాబ్దాలపాటు తిరుగుతాయి. చిత్రంలో అన్నిటికంటే కొత్తదే తొలి హద్దును నిర్ణయిస్తుంది. కనుక ఇక్కడ తొలి హద్దు 1941 ఏప్రిల్. కె బ్రేకు వల్ల చివరి హద్దు 1950ల ఆరంభం దగ్గర ఉంటుంది. మధ్యలో పదేళ్లకు పైగా ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నిజాయితీగా అలాగే చూపాలి. మరో ఆధారం దొరికేవరకు 'సుమారు 1941' అని కుదించడం సరికాదు.

ఇంకొక జాగ్రత్త. పాత వ్యాగన్‌కు కొత్త బ్రేకు, కొత్త బోగీలు బిగించడం మామూలు సంగతి. ఒక భాగం వయస్సు మొత్తం వ్యాగన్ వయస్సు కాదు. మొత్తం వ్యాగన్ వయస్సు ఛాయాచిత్రం వయస్సు కాదు.

7. డెలానో చిత్రాలపై విమర్శ

ఇప్పుడు మూల ప్రశ్నకు వద్దాం. ఈ దృష్టితో చూస్తే డెలానో రైల్వే చిత్రాలు ఎలా నిలుస్తాయి?

ప్రొవైసో యార్డును ఎత్తునుంచి చూపిన రంగుల చిత్రం ఎక్కువగా ప్రచారంలో ఉన్న వాటిలో ఒకటి. వరుసలు వరుసలుగా వ్యాగన్లు, వాటి పైకప్పులు, దూరంగా మసకబారే పట్టాలు కనిపిస్తాయి. కళా విమర్శకులు దానిలోని అమరికను మెచ్చుకుంటారు. ఆ ప్రశంస న్యాయమైనదే. చిత్రకళ నేర్చుకున్న చేతి పనితనం అందులో కనిపిస్తుంది.

అయితే చరిత్ర విద్యార్థి ఇంకొక మాట కూడా అనాలి. ఎత్తునుంచి తీయడం వల్ల పైకప్పులు ముందుకు వచ్చాయి, పక్కగోడలు మరుగునపడ్డాయి. యజమాని గుర్తు, బరువు, తేదీ అన్నీ ఉండేది పక్కగోడల మీదే. పైకప్పు మీద సిబ్బంది నడిచే పలకలు, శీతల వ్యాగన్ల మూలల్లో ఐసు వేసే మూతలు మాత్రమే మనకు మిగులుతాయి. వాటివల్ల రకం తెలుస్తుంది, యజమాని తెలియదు. చిత్రం అందంగా మారిన కొద్దీ సాక్ష్యం తగ్గిందన్నమాట.

ఇది చిన్న నష్టం కాదు. యార్డు చేసే పని ఏమిటి? వేర్వేరు కంపెనీల వ్యాగన్లను, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవాటిని విడదీసి, గమ్యాల ప్రకారం మళ్లీ కూర్చడం. దూరప్రాంతాల కంపెనీల పేర్లు ఒకే వరుసలో పక్కపక్కన కనిపించినప్పుడే, యుద్ధకాలంలో దేశం ఎలా ముడిపడి ఉందో అర్థమవుతుంది. పేర్లు చదవలేని చిత్రంలో 'చాలా వ్యాగన్లున్నాయి' అనే భావం మాత్రమే మిగులుతుంది. యుద్ధ సమాచార కార్యాలయానికి కావలసింది బహుశా ఆ భావమే. శక్తి, సంఖ్య, సమృద్ధి చూపితే దాని అవసరం తీరుతుంది. చరిత్రకారుని అవసరం అంతటితో తీరదు.

ఈ లోటును డెలానో ఇతర చిత్రాలే పూరిస్తాయి. మరమ్మతు పట్టాల మీద వెల్డింగ్ చేసే కార్మికుడు, సరుకు బండి చివరి పెట్టెలో గార్డు, పట్టాలు మార్చే మనిషి మొదలైన చిత్రాలను ఆయన నేలమీద నిలబడి, దగ్గరనుంచి తీశాడు. ఇటువంటి చిత్రాలలో వ్యాగన్ కేవలం నేపథ్యం. అయినా అది నేపథ్యంగా ఉండడమే మనకు మేలు. మనిషి మీద దృష్టి పెట్టిన ఫొటోగ్రాఫర్ వెనుకనున్న వ్యాగన్‌ను సర్దడు. కాబట్టి అక్కడ బోగీ, రివెట్టు, మసి, చెరిపి రాసిన తేదీ ఉన్నవి ఉన్నట్లుగా నిలుస్తాయి.

ఒక విమర్శకుడు వ్యాగన్లను మాత్రమే లెక్కిస్తూ కూర్చుంటే అదీ లోపమే. చక్రం వ్యాసం కొలిచి, పక్కన నిలుచున్న కార్మికుని చేతి తొడుగుల చిరుగు చూడకపోతే చిత్రాన్ని సగమే చదివినట్లు. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రంలోని క్లింటన్‌లో ఇంజన్లు తుడిచే స్త్రీలను డెలానో చిత్రించాడు. యుద్ధం ఎవరిచేత ఏ పని చేయించిందో ఆ చిత్రం చెబుతుంది. వ్యాగన్ మీది తేదీ అటువంటి చిత్రాన్ని కాలంలో స్థిరంగా నిలబెడుతుంది. మనిషి ముఖం ఆ కాలానికి అర్థమిస్తుంది. రెండూ కలిపి చదవడమే సరైన విమర్శ.

కనుక ఈ పాఠం అభిప్రాయం ఇది. డెలానో రైల్వే చిత్రాలలో ఎక్కువ పేరుపొందినవి కళగా గొప్పవి, ఆధారంగా బలహీనమైనవి. తక్కువ పేరుపొందిన దగ్గరి చిత్రాలే చరిత్రకు ఎక్కువ ఉపయోగపడతాయి. ఈ అభిప్రాయంతో మీరు విభేదించవచ్చు. అయితే విభేదానికి కారణాన్ని చిత్రంలోనుంచే చూపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. చిత్రంలోని పాత వ్యాగన్ తొలి హద్దును ఎందుకు నిర్ణయించలేదు?
2. ఎత్తునుంచి తీసిన యార్డు చిత్రంలో ఏ ఆధారాలు కోల్పోతాము?

8. సారాంశం

గూడ్సు వ్యాగన్ తన వివరాలను తన మీదే మోస్తుంది. యజమాని గుర్తు, తూచిన తేదీ, గోడ నిర్మాణం, ఎత్తు, బ్రేకు, నిచ్చెన స్థానం అనేవి ప్రధానమైన ఆనవాళ్లు. ప్రతి ఆనవాలూ చిత్రం కాలానికి ఒక హద్దును మాత్రమే ఇస్తుంది. చిత్రంలోని అన్నిటికంటే కొత్త ఆనవాలు తొలి హద్దును నిర్ణయిస్తుంది. వివరణను చిత్రంతో సరిచూడాలి, వివరణను బట్టి చిత్రాన్ని నమ్మరాదు. డెలానో చిత్రాలు కళగానూ, ఆధారంగానూ చదవదగినవి. అయితే ఈ రెండు విలువలు ఒకే చిత్రంలో సమానంగా ఉండవు.

9. అభ్యాస కృత్యం

మీకు దగ్గరలోని స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆగి ఉన్న గూడ్సు బండి వ్యాగన్ల మీది రాతలను గమనించండి. భారతీయ రైల్వే వ్యాగన్ సంఖ్యలో 11 అంకెలుంటాయి. మొదటి రెండు రకాన్ని, తరువాతి రెండు యజమాని రైల్వేను, అయిదు, ఆరు అంకెలు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. పెద్ద మరమ్మతు తేదీ కూడా విడిగా రాసి ఉంటుంది. అయిదు వ్యాగన్ల వివరాలు రాసుకుని, ఆ బండికి ఈరోజు ఫొటో తీస్తే యాభై ఏళ్ల తరువాత చూసేవారు దానికి ఏ తొలి హద్దు నిర్ణయించగలరో ఒక పేరాలో వివరించండి. పట్టాల మీదికి దిగవద్దు.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

(అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత ఛాయాచిత్రంలోని గూడ్సు వ్యాగన్‌ను గుర్తించే ఆనవాళ్లను ఉదాహరణలతో వివరించండి.
2. డెలానో రైల్వే చిత్రాలలో కళకు, ఆధారానికి మధ్యగల సంబంధాన్ని విమర్శించండి.

(ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తూచిన తేదీ ప్రాముఖ్యం ఏమిటి?
2. నలుపు తెలుపు చిత్రం నుంచి రంగును నిర్ణయించడంలో గల ఇబ్బందులు ఏవి?
3. నెగటివ్ తిరగబడిందని ఎలా కనుగొంటారు?